నేర్పు

"ఆవిడ చేతిలో నేర్పు ఉంది" అంటాం. "పిల్లకు ఈత నేర్పు" అని కూడా అంటాం. మొదటి వాక్యంలో నేర్పు నామవాచకం, ఒక మనిషిలో కుదిరిన గుణం. రెండో వాక్యంలో అదే మాట క్రియ, ఆ గుణాన్ని ఇంకొకరికి అందించే పని. తెలుగు ఈ రెంటికీ ఒకే మాట పెట్టుకుంది. బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులోనూ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి.

బడుల గురించి రాసే కాగితాల్లో ఇప్పుడీ మాట కనిపించడం తగ్గింది. దాని చోట "నైపుణ్యం" వచ్చి కూర్చుంది. జీవన నైపుణ్యాలు, నైపుణ్యాభివృద్ధి, నైపుణ్య శిక్షణ అంటున్నారు. 2020 జూలై 29న కేంద్రం ఆమోదించిన జాతీయ విద్యావిధానం పిల్లలకు 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా, ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్చుకునే ఏర్పాటు చెయ్యమంది. 2023లో వచ్చిన పాఠశాల విద్యా జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆ పనిని మూడు పాయలు చేసింది: ప్రాణులతో పని, యంత్రాలూ వస్తువులతో పని, మనుషులకు సేవగా చేసే పని. అంటే దేశమంతటికీ ఒకటిగా ఉండే చదువులోకి ఊరి బతుకు నేర్పే పనులను తీసుకురావాలన్న సంకల్పం ఈసారి విధాన పత్రాల్లోకే ఎక్కింది.

ఆ సంకల్పం ఒక ఊళ్లో ఎలా నిలబడుతుందన్నది నా ప్రశ్న. ఊరు చోడవరం. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా. ఆ ప్రశ్నకు జవాబు నేర్పు అన్న మాటలోనే చాలావరకు ఉందని నా నమ్మకం. అందుకే ముందు మాటను విప్పి చూద్దాం.

మూలం "నేర్చు". దాని మీద "పు" చేరి నేర్పు అయింది. ఓర్చు నుంచి ఓర్పు, తీర్చు నుంచి తీర్పు, మార్చు నుంచి మార్పు, కూర్చు నుంచి కూర్పు వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఈ వరసలో ఒక నియమం కనిపిస్తుంది. ఓర్చితేనే ఓర్పు, తీర్చితేనే తీర్పు. పని ముందు, దాని ఫలితం తర్వాత. నేర్పు కూడా అంతే. నేర్చుకున్నాకే అది మనిషిలో ఉంటుంది. పుట్టుకతో వచ్చిన దాన్ని మనం అందం అంటాం, బలం అంటాం, తెలివి అంటాం. నేర్పు మాత్రం అనం. పసిబిడ్డకు నేర్పు ఉందని ఎవరూ చెప్పరు.

పాత తెలుగులో నేర్చు సహాయక్రియగానూ నడిచింది. చేయనేర్చును అంటే చేయగలడని అర్థం. పోనేరడు అంటే పోలేడు. నేర్చినవాడు, చెయ్యగలవాడు ఆ భాషలో ఒక్కడే. విషయం తెలిసీ చెయ్యడం రానివాణ్ణి నేర్చినవాడనడానికి ఆ వ్యాకరణం చోటివ్వదు. ఈ క్రియకు వ్యతిరేక రూపం నేరమి. కలిమికి లేమి ఎలాగో నేర్పుకు నేరమి అలాగ. చెయ్యడం రాకపోవడం దాని మొదటి అర్థం, తప్పు అన్నది తర్వాత పట్టిన అర్థం. ఇవాళ పోలీసు స్టేషన్లోనూ కోర్టులోనూ వినిపించే "నేరం" ఈ కుటుంబపు మాటే. రాకపోవడం తప్పుగా మారిన ఈ దారిని మేష్టార్లు ఒక్కసారి ఆలోచించాలి. పిల్లవాడికి ఒక పని రాకపోతే అది వాడి నేరం అన్నట్టు మన బడులు చాలాకాలం చూశాయి. నేర్పనివాళ్ల నేరం సంగతి ఎవరూ అడగలేదు.

నేర్పుకు పక్కింటి మాట ఇంకొకటి ఉంది: చేతనవును, చేతకాదు. ఒక పని వచ్చు, రాదు అని చెప్పడానికి తెలుగువాడు చేతిని సాక్ష్యానికి పిలుస్తాడు. కన్నడంలో చెవిని కివి అంటారు, చెరువును కెరె అంటారు, చేతిని కై అంటారు. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు పాత "క"కారం తెలుగులో "చ"కారమైంది. అలా వచ్చిన చేయి మన విభక్తుల్లోకి కూడా చేరింది. చేతన్, చేన్, తోడన్, తోన్ అని పిల్లలు వల్లె వేసే తృతీయా విభక్తిలో మొదటిది చెయ్యే. "రాముడిచేత" అన్నామంటే రాముడి చేతి మీదుగా జరిగిందని. ఎవరివల్ల ఏ పని జరిగిందో చెప్పాలంటే మన వ్యాకరణం చేతిని తలుచుకోవాల్సిందే.

ఇప్పుడు "చదువు" సంగతి. ఈ మాటకు అసలు అర్థం రాసింది చూసి పలకడం. తర్వాత అదే విద్య మొత్తానికి పేరైంది. చదువుకున్నవాడంటే అక్షరం వచ్చినవాడు. ఆ అక్షరానికి ఉన్న విలువను నేను తక్కువ చెయ్యను. ఈ దేశంలో శతాబ్దాలపాటు కొందరికి అక్షరాన్ని అందనివ్వలేదు. అది దక్కినవాళ్లకు బతుకు మారింది. కానీ చదువు ఒక్కటే విద్య అయిపోయినప్పుడు ఏమవుతుందో మన సామెతలకు తెలుసు. "చదవేస్తే ఉన్న మతి పోయింది" అన్నారు. "చదువుకున్నవాడికన్నా చాకలివాడు మేలు" అన్నారు. ఈ రెండో సామెతలో ఒక మెప్పు, ఒక అవమానం కలిసి ఉన్నాయి. ఊరంతటి బట్టలూ ఒకచోట కలిసిపోయినా, ఎవరి పంచె ఎవరిదో చిన్న గుర్తును బట్టి పోల్చి ఏ ఇంటివి ఆ ఇంటికి చేర్చే మనిషి జ్ఞాపకాన్ని సామెత ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలోనే అతణ్ణి అందరికన్నా కింద పెట్టి కొలిచింది. మన సమాజం నేర్పును చూసిన తీరు ఇదే. దాని అవసరం ఒప్పుకుంటుంది, అది ఉన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోదు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు చేతికి దూరమైనవని నేను అనను. కుశలుడు అన్న మాటకు మన ఆలంకారికులు చెప్పే వ్యుత్పత్తి, కుశలను తెచ్చేవాడని. కుశ అంటే దర్భ, దాని అంచు చురుకైనది. చెయ్యి కోసుకోకుండా దర్భ కొయ్యడానికి నేర్పు కావాలి. అక్కడినుంచి ఏ పనిలోనైనా నేర్పరికి ఆ పేరు వచ్చింది. మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణకు, అంటే మాట అసలు అర్థం దాటి వెళ్లడానికి, ఉదాహరణగా ఎత్తుకున్న మాట ఇది. ప్రవీణుడంటే వీణ మీద మేటి అని సంప్రదాయం చెబుతుంది. రెండు మాటలూ చేతి నుంచి మొదలయ్యాయి, ఆ చెయ్యి మరుగునపడి గుణం మాత్రం మిగిలింది. ఇవాళ ఎన్‌సీఈఆర్‌టీ వారి వృత్తివిద్యా పుస్తకం పేరు కౌశల్ బోధ్. ఆ పేరులో ఉన్న కుశ గడ్డి, దాన్ని కోసిన వేళ్లు బడిలో పిల్లలకు మళ్లీ కనబడాలి.

"నైపుణ్యం" సంగతి వేరు. అది అచ్చమైన భావనామం. దానికి తెలుగులో సొంత క్రియ లేదు. నైపుణ్యాన్ని పెంపొందించాలి, అందించాలి, సాధించాలి అని ఇంకో క్రియను అరువు తెచ్చుకోవాలి. అందుకే కాగితం మీద దాన్ని లెక్కపెట్టడం తేలిక. ఇన్ని నైపుణ్యాలు, ఇన్ని సూచికలు, ఇన్ని గ్రేడులు అని గళ్లు గీసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవన నైపుణ్యాలు పది అని చెప్పింది: తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం, తరచి ఆలోచించడం, కొత్తగా ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, చిక్కు విప్పడం, చక్కగా మాట్లాడటం, నలుగురితో మెలగడం, ఒత్తిడికి తట్టుకోవడం, ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకోవడం. పదీ మంచివే. ఎయిడ్స్, మత్తుమందులు, కౌమార సమస్యల నుంచి పిల్లలను కాపాడుకోవాలన్న తపనలోంచి వచ్చినవవి. అయితే వీటిలో ఏ ఒక్కటీ ఉత్తినే గాల్లో నేర్చుకునేది కాదు. ఓర్పును "ఓర్పు" అన్న పాఠం చదివి నేర్చుకోలేం. ఒక పని పట్టుకుని, అది ఒకసారి చెడి, మళ్లీ చేస్తుంటే ఓర్పు వస్తుంది. అందుకే తెలుగులో ఓర్పు, నేర్పు జంటగా తిరుగుతాయి.

చోడవరం చుట్టుపక్కల అలాంటి పనికి లోటు లేదు. ఇది చెరకు నేల. శారదా నది, దాని మీద రైవాడ జలాశయం, పట్టణం పక్కన గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ, ఇటు అనకాపల్లిలో దేశమంతా పేరున్న బెల్లం మార్కెట్టు, అక్కడే శతాబ్దం దాటిన చెరకు పరిశోధన కేంద్రం. పడమట మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కితే కాఫీ, మిరియం, పసుపు తోటలు. దక్షిణాన వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్ర, లక్క, చెట్ల రంగులతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో బెల్లం వంట ఒక్కదాన్నే తీసుకుని దగ్గరికి వెళ్లి చూద్దాం.

గానుగ నుంచి వచ్చిన రసాన్ని వెడల్పాటి ఇనప పెనంలో పోస్తారు. కింద పొయ్యిలో వంట చెరకు కాదు, ఎండబెట్టిన చెరకు పిప్పే. రసం వేడెక్కుతుంటే మడ్డి పైకి తేలుతుంది. తేట పడటానికి కాస్త సున్నపు తేట కలుపుతారు. రసంలోని పులుపు విరుగుతుంది. తేలిన మడ్డిని పొడుగు పిడి గరిటెతో ఒడుపుగా తీసేస్తారు. పొంగు పెనం దాటబోతే చుక్క నూనె వేస్తారు, పొంగు అణుగుతుంది. రసం చిక్కబడేకొద్దీ బుడగ మారుతుంది, చప్పుడు మారుతుంది, వాసన మారుతుంది. అప్పుడు పాకం చూసే మనిషి గరిటె కొనతో కాస్త పాకం తీసి చన్నీళ్లలో వేస్తాడు. వేళ్లతో నొక్కి చూస్తాడు. సాగితే ఇంకా కాలేదు. ఉండ కట్టి, పళ్లేనికి కొడితే టక్కుమందంటే దించాల్సిందే. ఒక్క నిమిషం అటైతే మాడుతుంది, ఇటైతే దిమ్మ నిలవదు. దించి, తొట్టిలో పోసి, చెక్కతెడ్డుతో తిప్పి, దిమ్మలు కడతారు.

ఆ మనిషి చేతిలో థర్మామీటరు లేదు. పెట్టి చూస్తే ఆ క్షణంలో పాకం వేడి సుమారు 118 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని ఏడో తరగతి పిల్లకు తెలుసు. మరి పాకం అంత వేడిదాకా ఎలా వెళ్లింది? నీటిలో చక్కెర కరిగినకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో బాష్పీభవన స్థాన ఉన్నతి అని వచ్చే పాఠం ఇది. చోడవరం పిల్ల ఆ పాఠాన్ని పదహారేళ్ల వయసులో పేరుగా బట్టీ పెట్టడం కన్నా పన్నెండేళ్లకు పెనం పక్కన నిలబడి చూడటం ఎంతో మేలు.

లెక్క కూడా అక్కడే ఉంది. 100 కిలోల చెరకు ఆడితే 60 కిలోల రసం వచ్చిందనుకుందాం. అందులో 18 శాతం ఘనపదార్థం ఉంటే 10.8 కిలోలు. మడ్డి కింద కొంత పోతుంది, తేమగా కొంత మిగులుతుంది. మొత్తానికి 10 కిలోల పైచిలుకు బెల్లం. మిగతా నీరంతా ఆవిరై పోవడానికి ఎంత పిప్పి కాలింది, ఆ పిప్పిలో చెరకు దాచుకున్న ఎండ ఎంత అన్న ప్రశ్నల్లో భౌతికశాస్త్రం ఉంది. కొట్టిన చెరకు రెండు మూడు రోజులు కుప్పలో పడి ఉంటే దిమ్మ ఎందుకు గట్టిపడదు? సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అయిపోతుంది కనక. చౌడు నేల చెరకు బెల్లం ఎందుకు ఉప్పగా, నల్లగా ఉంటుంది? అది నేల పాఠం. మార్కెట్టులో బంగారు రంగు దిమ్మకు ధర ఎక్కువ. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనపు పొడి కలిపితే తినేవాడికి చెరుపు. మరి రైతు ఏం చెయ్యాలి, కొనేవాడు ఏం అడగాలి? నిర్ణయం తీసుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం అని ఆ పది జీవన నైపుణ్యాల పట్టికలో ఉన్నవి ఇక్కడ నిజమైన ప్రశ్నలుగా నిలబడతాయి.

ఇంకొకటి చూడండి. 2023 మార్చి నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు వారంలో మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. అందులో బెల్లం కలుపుతారు. పల్లీ చిక్కీలోనూ బెల్లమే. ఉత్తరాంధ్ర ఇళ్లలో రాగులను చోళ్లు అంటారు. ఇంట్లో తాగేది చోడి అంబలి. ఆ చోడీ, ఈ బెల్లం వంటగది దారిన ఇప్పటికే బడిలోకి వచ్చేశాయి. తరగతి గదిలోకే ఇంకా రాలేదు. పుస్తకంలో రాగులని, ఇంట్లో చోళ్లని రెండు పేర్లున్న గింజ ఒక్కటేనని చెప్పడంతో ఆ పాఠం మొదలుపెట్టవచ్చు.

ఇంటి మాటకు బడిలో చోటుందా అన్న తగవు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారుల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగాడు. ఆ ప్రశ్నను విశాఖ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు తలకెత్తుకున్నారు. గిడుగువారు అంతకుముందే సవరల మధ్యకు వెళ్లి వారి భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, వారి పిల్లలకు బళ్లు పెట్టించారు. ముందు తాను నేర్చుకుని తర్వాత నేర్పారు. ఆనాటి తగవు నోటి మాట కోసం. ఇవాళ్టిది చేతి పని కోసం. న్యాయం రెండు చోట్లా ఒకటే: పిల్ల తనతో తెచ్చుకున్నది గుమ్మం బయట వదిలి రావాల్సిన అవసరం లేదు.

అయితే ఈ దారిలో గోతులున్నాయి. వాటిలో ఇదివరకే పడ్డాం కనక గుర్తుంచుకోవాలి.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సదస్సు, ఏదో ఒక చేతిపని చుట్టూ మిగతా పాఠాలన్నీ అల్లాలని చెప్పింది. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి ప్రణాళిక రాసింది. నయీ తాలీం అని పేరుపడ్డ ఈ పద్ధతి గొప్ప ఆలోచన. కానీ ఆచరణలో, ఆ పద్ధతిలో నడిచిన బేసిక్ బడుల్లో ఎక్కువచోట్ల ఆ చేతిపని నూలు వడకడమే అయింది. నూలు వడికే పొందూరులో అది ఊరి పనే. పత్తి గింజ కనపడని ఊళ్లో అది పైనుంచి వచ్చిన ఇంకో పాఠం. స్థానికం అన్నదాన్ని దేశమంతటికీ ఒకే అచ్చులో పోసేసరికి అందులో స్థానికత ఆరిపోయింది. ఇవాళ కూడా ఆ ప్రమాదం ఉంది. జాతీయ వృత్తివిద్యా జాబితాలో వ్యవసాయం కింద 9, 10 తరగతులకు ఉన్న ఒక కొలువు పేరు "సొలనేషియస్ క్రాప్ కల్టివేటర్". టమాటా, వంగ, మిరప పండించేవారని దాని అర్థం. పనికి వచ్చే చదువే. కానీ కిటికీలోంచి చెరకు తోట కనబడే బడిలో పిల్లలు ఆ కొలువు కోసమే పుస్తకం తెరిస్తే, ఊరు మళ్లీ కిటికీ బయటే ఉండిపోతుంది.

రెండో గొయ్యి ఇంకా లోతు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లెటూరి ప్రాథమిక బడులను రోజుకు ఒక పూట, మూడు గంటల చదువుకు కుదించి, మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని పథకం పెట్టారు. ఆ బడి సంవత్సరం మొదలయ్యేనాటికి చోడవరం కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది అక్టోబరు 1న. తమిళనాట పెరియార్, ద్రావిడ ఉద్యమం దానికి కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించాయి. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ వచ్చి దాన్ని రద్దు చేశారు. ఆ ఎదిరింపు న్యాయమైనది. కుమ్మరి కొడుకు కుండ, రైతు కొడుకు నాగలి, అయ్యవారి కొడుకు పుస్తకం అన్నది విద్య కాదు. పుట్టుకను మళ్లీ పుట్టించడం.

ఇక్కడే మాట మనకు సాయపడుతుంది. నేర్పులో నేర్చు ఉంది. ఎవరైనా నేర్చుకుంటే వచ్చేది, ఎవరైనా నేర్పితే అందేది. పుట్టుకతో ఒకరికి హక్కుగా దక్కేది కాదు, పుట్టుకతో ఒకరి మెడకు కట్టేదీ కాదు. కాబట్టి చోడవరం బడిలో బెల్లం పాఠం పెడితే డాక్టరుగారి అమ్మాయి, చెరకు కోత కూలీ కొడుకు, షాపు యజమాని పిల్లలు ఒకే పెనం పక్కన నిలబడాలి. ఏటికొప్పాక బొమ్మ పాఠంలో లక్క పూసే చెయ్యి అబ్బాయిదైనా అమ్మాయిదైనా ఒకటే. కూలీ కొడుకు అక్కడ తండ్రి పనిని కొత్తగా చూస్తాడు. డాక్టరుగారి అమ్మాయి తన తండ్రికి రాని పని వచ్చినవాణ్ణి గురువని పిలుస్తుంది. ఈ రెండూ జరిగినప్పుడే ఆ పాత సామెతలోని అవమానం తీరుతుంది.

మూడో గొయ్యి పని పేరుతో పనికిరాని పని. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక శ్రమను బడి మధ్యలో పెట్టమంది. చాలా బడుల్లో అది టైంటేబులులో ఒక పీరియడుగా, ప్రోగ్రెస్ కార్డులో ఒక గ్రేడుగా మిగిలింది. కారణం స్పష్టం. నేర్పేవాళ్లకు ఆ నేర్పు లేదు. ఆ నేర్పు ఉన్నవాళ్లకు బడిలో కుర్చీ లేదు.

"పాఠ్యప్రణాళిక" అన్న మాటను కూడా ఒకసారి చూడాలి. ప్రణాళి, ప్రణాళిక అంటే సంస్కృతంలో నీరు పారే తూము, కాలువ. ఆ పోలిక నాకు సరైనదనిపిస్తుంది. జాతీయ పాఠ్యప్రణాళిక దూరం నుంచి నీరు తెచ్చే పెద్ద కాలువ. గణితం, విజ్ఞానం, రాజ్యాంగం, ప్రపంచ చరిత్ర ప్రతి పిల్లకూ అందాలంటే అది కావాలి. చోడవరం పిల్ల రేపు చెన్నైలోనో చికాగోలోనో చదివినా తడబడకూడదు. రైవాడ కాలువ నీరు పొలం గట్టు దాకా వస్తుంది; ఏ మడికి ఎప్పుడు పెట్టాలో, ఏ మడిని ఆరనివ్వాలో పొలంలో ఉన్న మనిషి చూసుకోవాలి. ఆ మనిషికి అధికారం ఇవ్వకపోతే నీరు కాలువలోనే ఉంటుంది.

అందుకే నేను అడిగేవి కొన్నే. ఇవన్నీ ఇప్పటి విధానంలోనే సాధ్యం.

మొదటిది, నేర్పరికి గురువు స్థానం. జాతీయ విద్యావిధానమే స్థానిక కళల్లో, వృత్తుల్లో, వ్యవసాయంలో దిట్టలైనవారిని బోధకులుగా తీసుకోవచ్చని చెప్పింది. పాకం చూసే మనిషిని, బొమ్మలు చేసే చెల్లెమ్మను, ఘాట్ పైన పసుపు పండించే తల్లిని పిలిచి దండ వేసి పంపేస్తే సరిపోదు. పేరు రిజిస్టరులో రాయాలి, రోజుకింత అని గౌరవ వేతనం ఇవ్వాలి, పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టాలి. సైన్సు మేష్టారు ఆ రోజు పక్కన కూర్చుని వినాలి. మర్నాడు ఆ పాఠాన్ని పుస్తకంలోని పాఠానికి ముడివెయ్యాలి.

రెండోది, ఊరి పంచాంగం. బెల్లం వంటకు అదను సంక్రాంతికి అటూ ఇటూ. సంచీ లేని ఆ 10 రోజులను రాజధానిలో ఒకే తేదీలకు నిర్ణయించి జూలైలో పెడితే చోడవరంలో పొయ్యిలు చల్లగా ఉంటాయి. పాడేరులో కాఫీ పండు కోతకు దాని అదను దానిది. తేదీలు మండలానికి వదిలెయ్యాలి.

మూడోది, పిల్లల క్షేమం. మరిగే పెనం దగ్గర పిల్లల చోటు గీత గీసి ఉండాలి. ఏ గానుగకూ పిల్లలు ఉచిత కూలీలు కాకూడదు. 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. చూసి, అడిగి, కొలిచి, బడికి వచ్చి చిన్న గిన్నెలో మేష్టారు దగ్గరుండగా చేసి చూడటం దాకే.

నాలుగోది, పరీక్ష. నేర్చిందీ చెయ్యగలిగిందీ ఒకటేనన్న పాత తెలుగు అర్థాన్ని మూల్యాంకనంలోకి తేవాలి. "బెల్లం తయారీ విధానం వివరించుము" అన్న అయిదు మార్కుల ప్రశ్న వద్దు. రెండు దిమ్మలు ముందు పెట్టి, ఏది నిలవ ఉంటుంది, ఏది ఉండదు, నీకెలా తెలిసిందని అడగండి. జవాబు పిల్ల కళ్లలోంచి, వేళ్లలోంచి రావాలి.

అయిదోది, మాటలు. పెనం, మడ్డి, పాకం, దిమ్మ, పిప్పి అన్నవి ఆ పాఠంలో అలాగే ఉండాలి; వాటి పక్కన శాస్త్ర పదాలు రావాలి. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల కథలతో, పాటలతో, ఊరివాళ్లు కూడా వచ్చి కొలతలు చేసే మెట్రిక్ మేళాలతో చదువు చెప్పి చూపించింది. ఆ పద్ధతి తమిళనాడు సర్కారు బడులదాకా వెళ్లింది. మన నేల మీద పుట్టిన అనుభవమే ఉంది, దిగుమతి చేసుకోనక్కర్లేదు.

చోడవరం, అనకాపల్లి, మాడుగుల మేష్టార్లకు నాదొక విన్నపం. పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. ఈ ఏడు సంక్రాంతి సెలవులకు ముందు మీ బడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న నేర్పరుల పేర్లు, వారి పని, ఆ పని జరిగే నెల ఒక కాగితం మీద రాసి హెడ్మాస్టరు గది గోడకు అంటించండి. జాతీయ పాఠ్యప్రణాళికకు మీ ఊరు రాయాల్సిన మొదటి పేజీ అదే. దాన్ని ఢిల్లీ రాయలేదు, అమరావతి రాయలేదు. మీకే చేతనవును.